మెటల్ సంగీతపు పచ్చబొట్టు: తిరుపతి, చిత్తూరు శ్రోతలు తెలుసుకోవలసినవి

బరువైన గిటార్ ధ్వనితో, గట్టి డ్రమ్స్‌తో సాగే రాక్ శాఖ అయిన మెటల్ సంగీతాన్ని ఏళ్ళ తరబడి ప్రాణంగా వింటున్నవారికి ఆ సంగీతపు గుర్తు ఒకటి ఒంటి మీద ఉండాలన్న కోరిక ఎప్పుడో ఒకప్పుడు కలుగుతుంది. తిరుపతిలోనో చిత్తూరులోనో ఉండేవారికి ఈ కోరిక ఇంకాస్త బలంగా ఉంటుందని నా నమ్మకం. మంచి మెటల్ కచేరీ చూడాలంటే మనం బెంగుళూరుకో చెన్నైకో బస్సెక్కాలి. మిగిలిన రోజుల్లో హాస్టల్ గదుల్లో, అద్దె ఇళ్ళలో ఎవరికి వారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినడమే తప్ప, పక్క వీధిలో మరొకరు అదే వింటున్నారని తెలిసే అవకాశం తక్కువ. అలాంటి చోట ముంజేతి మీది ఒక బొమ్మ ముక్కూమొహం తెలియని ఇద్దరి మధ్య మాట కలుపుతుంది. అంత పని చేసే బొమ్మను ఒక సాయంత్రపు ఉత్సాహంలో, ఫోన్‌లో దొరికిన మొదటి లోగోతో కానిచ్చేయడం ఆ సంగీతానికి మనం చేసే అన్యాయం.

ఈ సంగీతంలో పచ్చబొట్టు ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చూస్తే బొమ్మ ఎంపిక తేలికవుతుంది. 1970లో తొలి ఆల్బమ్ తెచ్చిన, మెటల్‌కు ఆద్యులుగా చెప్పుకునే బ్లాక్ సబ్బాత్ బృందం సభ్యులు బర్మింగ్‌హామ్ కార్మికవాడల పిల్లలు. గిటారిస్టు టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీ యంత్రంలో రెండు వేళ్ళ కొనలు పోగొట్టుకుని, నొప్పి తగ్గడానికి తీగల బిగువు సడలించి వాయించడం ఆ బరువైన ధ్వనికి ఒక కారణమైంది. గాయకుడు ఓజీ ఆస్బర్న్ వేళ్ళ కణుపుల మీద తన పేరులోని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు యౌవనంలోనే ఎక్కాయి. మోటర్‌హెడ్ బృందం నాయకుడు లెమ్మీ చేతి మీద ఇస్పేటు ఆసు ఉండేది. మెటల్‌కు దగ్గరి చుట్టమైన హార్డ్‌కోర్ పంక్ వాయించిన అమెరికా బృందం బ్లాక్ ఫ్లాగ్ కోసం రేమండ్ పెట్టిబాన్ గీసిన నాలుగు నల్లని నిలువు పట్టీలను ఎందరో అభిమానులు వేయించుకున్నారు. ఇవన్నీ వేయించుకున్నవారి సొంత జీవితంలో నుంచి వచ్చినవో, లేదా దూరం నుంచి చూసినా పోల్చుకోగలిగినంత సరళమైనవో అయి ఉండడం గమనించాలి. మన బొమ్మను కూడా ఈ రెండు కొలతలతోనే తూచుకోవాలి.

సొంత జీవితం అన్నప్పుడు మన ప్రాంతం చేతికి అందించే సరుకు చాలా ఉంది. శ్రీకాళహస్తి కలంకారీనే తీసుకోండి. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద, తుప్పు ఇనుమును బెల్లపు నీళ్ళలో ఊరబెట్టి తీసిన నల్లరంగుతో, వెదురు కలం పట్టి గీసే ఆ రేఖ మొదటి నుంచి చివరి దాకా నిండుగా సాగి బొమ్మను మూసివేస్తుంది. లోపలి ఖాళీలను చుక్కలు, గీతలు, అల్లికలు నింపుతాయి. టాటూ కళాకారులు బ్లాక్‌వర్క్ అని పిలిచే, నల్ల ఇంకు ఒక్కదానితోనే నింపే పద్ధతికి కావలసింది సరిగ్గా ఇదే. పడగ విప్పిన శేషుడు, గుడి స్తంభాల మీద కనిపించే కోరలు తెరిచిన సింహపు మృగం యాళి, నాలుక చాచిన అమ్మవారి ముఖం ఈ రేఖలో గీస్తే, యూరప్ నుంచి దిగుమతైన పుర్రెల కన్నా ఎక్కువ బరువుతో నిలుస్తాయి. తిరుపతి గంగమ్మ జాతరలో డప్పుల మోత మధ్య బైరాగి, బండ, తోటి, దొర వేషాలు కట్టినవారిని చూసినవాడికి, ఒళ్ళంతా రంగు పూసుకుని గుండె అదిరే శబ్దంలో మునగడం కొత్తేమీ కాదు. మెటల్ వినే మనవాడి ఒంటి మీద ఆ జాతర ముఖం ఉండడం నాకు ఎంతో సమంజసంగా అనిపిస్తుంది. అయితే దేవతా రూపాన్ని నడుముకు కింద, ముఖ్యంగా కాళ్ళ మీద వేయించుకోవద్దు. ఇక్కడ అది ఇంట్లోవారినీ ఊరివారినీ నిజంగా నొప్పిస్తుంది.

బృందం లోగోయే కావాలనుకునేవారు కొంత కసరత్తు చేయాలి. మెటల్‌లో ఉగ్రమైన శాఖలైన డెత్ మెటల్, బ్లాక్ మెటల్ లోగోలు ముళ్ళకంపలా అల్లుకుపోయి ఉంటాయి; ఎంపరర్ వంటి ఎన్నో బృందాలకు లోగోలు గీసిన బెల్జియం చిత్రకారుడు క్రిస్టాఫ్ ష్పైడెల్ పనిలో ఆ అల్లికే అందం. కాగితం మీద, టీషర్టు మీద అది బాగుంటుంది. చర్మంలో మాత్రం ఇంకు ఏళ్ళు గడిచేకొద్దీ చుట్టూ పాకుతుంది, సన్నని గీతలు లావెక్కుతాయి, వాటి మధ్య ఖాళీలు పూడుకుపోతాయి. నమ్మకం కలగకపోతే ఎరుకల స్త్రీల చేత చిన్నతనంలో పచ్చబొట్టు పొడిపించుకున్న మీ అవ్వ చేతిని ఒకసారి దగ్గరగా చూడండి: ఒకప్పుడు విడివిడిగా ఉన్న చుక్కలు ఇప్పుడు అంచులు కరిగి, నీలమూ ఆకుపచ్చా కాని రంగులో ఒకదానినొకటి తాకుతూ కనిపిస్తాయి, కాని పెద్దగా, ఎడంగా పెట్టిన బొమ్మ మాత్రం ఇప్పటికీ గుర్తుపట్టేలా ఉంటుంది. అందువల్ల లోగోను మీరు అనుకున్న అసలు సైజులోనే ప్రింటు తీయించి, పైన బటర్ పేపర్ పరిచి, లావు మొన ఉన్న స్కెచ్ పెన్‌తో దిద్దండి. ఎక్కడ ఖాళీలు మూసుకుపోతాయో అక్కడ మీ చర్మం మీద కూడా ముందో వెనకో మూసుకుపోతాయి. అప్పుడు సైజు పెంచాలి, లేదా గీతలు తగ్గించాలి. చామనఛాయ, నలుపు ఒంటికి గాఢమైన నల్ల ఇంకు, మధ్యలో వదిలిన చర్మపు ఛాయ, ఈ రెండే చక్కగా పలుకుతాయి. తెలుపు, లేత పసుపు కొద్ది కాలానికే కనుమరుగవుతాయి.

ఎక్కడ వేయించుకోవాలన్నది బొమ్మను బట్టి, బతుకుతెరువును బట్టి తేల్చుకోవలసిన విషయం. మెటల్ లోగోల్లో చాలావరకు ఎడమ కుడి సమానంగా ఉంటాయి. ముంజేయి తిరిగినప్పుడల్లా చర్మం మెలితిరుగుతుంది కనుక అక్కడ వేస్తే ఆ సమానత్వం చెడుతుంది. అలాంటి వాటికి వీపు పైభాగం, ఛాతీ, పిక్క తగినవి. చేతికైతే నిలువుగా సాగే బొమ్మ నప్పుతుంది. మన జిల్లాల్లో సైన్యానికి, పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే యువకులు ఎక్కువ కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి: సైనిక నియామకాల్లో ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనుక భాగం తప్ప ఇతర చోట్ల శాశ్వత పచ్చబొట్టును సాధారణంగా అంగీకరించరు, గిరిజన అభ్యర్థులకు మాత్రం ఆచారాన్ని బట్టి మినహాయింపు ఉంది, కేంద్ర సాయుధ బలగాలకు చోటు, పరిమాణం విషయంలో వేరే నిబంధనలున్నాయి. మీరు రాయబోయే పరీక్ష నోటిఫికేషన్ చదవకుండా సూది దగ్గరకు వెళ్ళవద్దు. లేజర్‌తో తీయించుకోవచ్చులే అన్న ధీమా కూడా పనికిరాదు. దానికి నెలల వ్యవధితో పలు విడతలు పడతాయి, నల్లని చర్మం మీద తెల్లని మచ్చలు మిగిలే ప్రమాదం ఉంది.

గుర్తుల అర్థం తెలుసుకోవడం అన్నిటికన్నా ముఖ్యమని నేను భావిస్తాను. బ్లాక్ మెటల్ ఒక కొసన జాతి ద్వేషాన్ని బోధించే బృందాలు ఉన్నాయి. వాళ్ళు వాడే జంట మెరుపుల్లాంటి రూన్ (ప్రాచీన ఉత్తర యూరప్ లిపి) అక్షరాలు, నల్ల సూర్యుడి చక్రం నాజీల నుంచి వచ్చినవి. చూడడానికి గంభీరంగా ఉన్నాయని వాటిని తెలియక వేయించుకున్నా, తెలిసినవారి దృష్టిలో మీరు ఆ పక్షమే అవుతారు. మన గడపల మీద శుభచిహ్నమైన స్వస్తికను కూడా మెటల్ బొమ్మ మధ్యలో పెడితే విదేశీ కచేరీలలో వేరే అర్థం వస్తుంది. అలాగే నార్వే బృందాలు తమ దేశపు చర్చి మీద కోపంతో గీసుకున్న బొమ్మలు ఆ చరిత్రకు చెందినవి. వాటిని యాత్రికులతో నిండిన ఊళ్ళో ధరించడం ద్వారా మీరేం చెప్పదలచారో మీకే స్పష్టత లేనప్పుడు వాటి జోలికి వెళ్ళకపోవడం మంచిది. తెలుగు అక్షరాలు వేయించుకునేవారు మరో జాగ్రత్త తీసుకోవాలి. బెంగుళూరులో, చెన్నైలో తెలుగు చదవలేని కళాకారుడి కంప్యూటర్‌లో ఫాంటు విరిగి వత్తులు పక్కకు, గుడులు విడిగా పడుతుంటాయి. అందుకని అక్షరాలను చేత్తో రాసి, స్కాన్ చేసి బొమ్మగానే ఇవ్వండి. స్టెన్సిల్ (పొడిచే ముందు చర్మం మీద అంటించే నమూనా) వేశాక ప్రతి తలకట్టునూ మీరే సరిచూసుకోండి.

ఇక కళాకారుడి ఎంపిక. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే మెషిన్ కిట్ తెప్పించి హాస్టల్ గదిలో స్నేహితుడి చేత పొడిపించుకోవడమే అసలైన అండర్‌గ్రౌండ్ పద్ధతి అనే ఆలోచన మన కుర్రాళ్ళలో ఉంది. దీనిని నేను ఏ మాత్రం ఒప్పుకోను. సూది చర్మంలోకి ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల లోతుకే దిగాలి. అంతకన్నా పైన ఆగితే ఇంకు రాలిపోతుంది, కిందికి పోతే గీత చుట్టూ నీలి మరక వ్యాపిస్తుంది. ఆ లోతు చేతికి తెలియడానికి ఏళ్ళు పడుతుంది. అంతకన్నా పెద్ద సంగతి, ఒకరి సూది మరొకరికి వాడితే హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్‌ఐవి సోకవచ్చు. హెపటైటిస్ బి టీకా ఆరు నెలల్లో మూడు డోసులుగా పూర్తవుతుంది, వేయించుకోనివారు ముందు అది పూర్తి చేసుకోవడం ఉత్తమం. సి రకానికి టీకా లేదు.

స్టూడియోకు వెళ్ళినప్పుడు గోడల మీది ఫోటోలను అంతగా పట్టించుకోనక్కరలేదు. తాజాగా వేసినప్పుడు ప్రతి బొమ్మా మెరుస్తుంది. రెండు మూడేళ్ళ కిందట వేసి మానిన బొమ్మల ఫోటోలు, అదీ మన ఛాయ ఉన్న ఒంటి మీదివి, చూపించమని అడగండి. పని మొదలయ్యేటప్పుడు చేతుల వైపు చూడండి. కొత్త గ్లౌజులు, కొత్త రేజరు, మెషిన్‌కూ వైరుకూ తొడిగిన ప్లాస్టిక్ తొడుగు, మీ ఎదుటే సీలు చింపిన సూది కార్ట్రిడ్జ్ ఉండాలి. ఆ ప్యాకెట్టును చేతిలోకి తీసుకుని గడువు తేదీ, లాట్ నంబరు, స్టెరిలైజ్ అయిందని తెలిపే రంగు మారిన గుర్తు చదవండి. ఇంకును సీసాలో నుంచి చిన్న మూతల్లోకి వంపి, మిగిలింది పారేయాలే గాని తిరిగి సీసాలో పోయకూడదు. పలుచన చేయడానికి కుళాయి నీళ్ళు కలిపితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మళ్ళీ వాడే స్టీలు పరికరాలుంటే ఆటోక్లేవ్ అనే క్రిమిరహితం చేసే యంత్రంలో 121 డిగ్రీల ఆవిరి ఒత్తిడికి గురైనవే వాడాలి. స్పిరిట్‌తో తుడవడం, వేడినీళ్ళలో ముంచడం చాలదు. ఇవి అడిగినందుకు విసుక్కునేవాడు ఎంత గొప్ప చిత్రకారుడైనా మీకు తగినవాడు కాడు. పద్ధెనిమిది నిండనివారికి వేయనని చెప్పే స్టూడియోను నమ్మవచ్చు.

మధుమేహం ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకుంటున్నవారు, గాయం మానాక మచ్చ ఉబ్బి కెలాయిడ్‌గా మారే స్వభావం ఉన్నవారు ముందుగా చర్మవైద్యుడిని కలవాలి. కెలాయిడ్ స్వభావం ఉంటే ఛాతీ, భుజాలు అసలు వద్దు. ఎర్ర ఇంకు పడనివారు మిగతా రంగులకన్నా ఎక్కువ.

వేయించుకునే రోజున కడుపు నిండా తిని వెళ్ళాలి. శనివారం స్వామికి ఒక్కపొద్దు ఉండేవారు ఆ రోజు అపాయింట్‌మెంట్ పెట్టుకోవద్దు. ఖాళీ కడుపుతో కళ్ళు తిరిగే ప్రమాదం ఉంది. ముందు రోజు రాత్రి మద్యం వద్దు. స్టెన్సిల్ అంటించాక కుర్చీలో కూర్చుని కాక, అద్దం ముందు నిలబడి చేతులు సహజంగా వేలాడదీసి చూసుకోండి; వంకర ఉందనిపిస్తే తుడిపించి మళ్ళీ వేయించండి, మొహమాటపడవలసిన పని లేదు. ఇష్టమైన సంగీతం వింటూ నొప్పి ఓర్చుకోవడం మంచి ఉపాయమే గాని, వేగంగా డ్రమ్స్ మోగే పాటలకు కాలు దానంతటదే ఆడుతుంది. నిదానంగా సాగే డూమ్ మెటల్ వినండి, ఒక చెవి కళాకారుడి మాటకు వదిలి ఉంచండి.

తర్వాతి మూడు వారాల మీదే బొమ్మ భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది, అందులోనూ మన ఎండల్లో. రోజుకు రెండు మూడుసార్లు శుభ్రమైన చేతులతో, వాసన లేని సబ్బుతో కడిగి, తువ్వాలుతో కాక టిష్యూతో అద్ది, చెప్పిన ఆయింట్‌మెంట్ పలుచగా రాయండి. పొట్టు లేస్తే గిల్లవద్దు. వంటింటి పసుపు అద్దమని పెద్దలు ప్రేమగా చెబుతారు. తెరిచిన గాయంలో ఆ పొడి వేయకూడదని వారికి నచ్చజెప్పండి. పుష్కరిణి స్నానం, కపిలతీర్థం, తలకోన జలపాతం, ఈత ఏవీ వద్దు. తడి బట్టలతో చేసే అంగప్రదక్షిణ మొక్కు ఉంటే ముందే తీర్చుకోండి, లేదా తర్వాతకు వాయిదా వేసుకోండి. అలిపిరి మెట్లు ఎక్కితే చెమట, భుజం మీద బ్యాగు రాపిడి రెండూ తప్పవు. మెడ మీద, తల వెనుక వేయించుకున్నవారు మానేదాకా గుండు కొట్టించుకోరాదు. మే నెలలో జాతరకు వేషం కట్టే మొక్కు ఉన్నవారు నెల ముందే పని ముగించుకోవాలి. నామపు సుద్ద గాని, బొగ్గు గాని, కుంకుమ గాని, గంధం గాని పచ్చి గాయం మీద పడకూడదు. బెంగుళూరు కచేరీకి ముందు వారంలో వేయించుకుని గుంపులో దూకడం కూడా ఇలాంటి పొరపాటే, కొత్త బొమ్మ చూపించుకోవాలన్న ఉబలాటం ఎంత ఉన్నా సరే.

మొదటి రెండు మూడు రోజుల ఎరుపు, వాపు మామూలే. ఎరుపు తగ్గకుండా పాకుతున్నా, చీము కారినా, జ్వరం వచ్చినా స్టూడియోకు ఫోన్ చేస్తూ కూర్చోక రుయా ఆసుపత్రికో, స్విమ్స్‌కో, దగ్గరలోని చర్మవైద్యుడి దగ్గరకో వెళ్ళాలి. అంతా సవ్యంగా మానితే నెలా నెలన్నర తర్వాత పగటి వెలుతురులో దగ్గరగా చూసి, ఇంకు పట్టని చోట్లను పెన్‌తో గుర్తుపెట్టి, అదే కళాకారుడి చేత సరిచేయించుకోండి. చాలామంది దీనికి వేరే డబ్బు తీసుకోరు. అప్పటి నుంచి ఎండలోకి వెళ్ళినప్పుడల్లా ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాస్తే నలుపు నిలుస్తుంది. రక్తదానం చేసే అలవాటు ఉన్నవారు సూది పడిన తేదీ రాసి పెట్టుకుని, ఏడాది నిండాకనే మళ్ళీ శిబిరానికి వెళ్ళాలి.