ఇంటిల్లిపాదికీ గుమ్మడికాయ వాఫుల్స్

గుమ్మడికాయ గుజ్జులో పదింట తొమ్మిది వంతులు నీరే ఉంటుంది. రెండు వేడి పలకల మధ్య గళ్లుగళ్లుగా కాల్చే వాఫుల్‌కు కరకరలాడే పైపొర రావాలంటే మాత్రం పిండి పైభాగంలోని నీరంతా ఆవిరైపోయి, ఆ పొడి పొర నేతిలోనో వెన్నలోనో వేగినట్టు ఎర్రబడాలి. ఒకదానికొకటి పొసగని ఈ రెండింటినీ ఒక దారికి తీసుకురావడమే గుమ్మడి వాఫుల్ చేయడంలోని అసలు పని. మామూలు వాఫుల్ పిండిలో ఒక కప్పు గుజ్జు కలిపి పోసేస్తే వాసన బాగానే ఉంటుంది కానీ, పళ్లెంలోకి వచ్చిన రెండు నిమిషాలకే వాఫుల్ మెత్తబడి, ఫోర్కుతో లేపితే వంగిపోతుంది. నేను రెండు ఆకురాలు కాలాలపాటు అలాగే చేశాను. ఆ తరువాత ప్రతి మెట్టులోనూ నీరు ఎక్కడినుంచి వస్తోందో, ఎలా బయటికి పోతుందో గమనించి పద్ధతి మార్చుకున్నాను. ఇక్కడ రాసేది ఆ మార్చుకున్న పద్ధతినే.

ఇది అమెరికాలో సెప్టెంబరు చివరినుంచి నవంబరులో థాంక్స్‌గివింగ్ పండుగ వరకు ఇళ్లల్లో ఎక్కువగా చేసుకునే అల్పాహారం. ఆ పండుగకు చేసే గుమ్మడి ‘పై’ (pie) అనే తీపి వంటకంలో వేసే దాల్చినచెక్క, అల్లం, జాజికాయ, లవంగం, ఆల్‌స్పైస్ అనే ఐదు సుగంధ ద్రవ్యాలే దీనిలోకీ వచ్చాయి. అక్కడ దుకాణాల్లో డబ్బాలో దొరికే గుజ్జు చాలావరకు ఇల్లినాయ్ రాష్ట్రంలో పియోరియా నగరం చుట్టుపక్కల పండే డికిన్‌సన్ రకం గుమ్మడిది. అది చూడటానికి లేత గోధుమ రంగులో, కోలగా ఉంటుంది. వృక్షశాస్త్రం ప్రకారం అది కుకుర్బిటా మోస్కాటా జాతికి చెందినది. సంక్రాంతికి మనం పులుసు పెట్టుకునే తీపి గుమ్మడి కూడా ఎక్కువగా ఆ జాతిదే. అందువల్ల విజయవాడలోనో వరంగల్లులోనో ఉన్నవారు డబ్బా దొరకలేదని చింతించనవసరం లేదు. బాగా పండి, లోపల ముదురు నారింజ రంగులో ఉన్న మంచి గుమ్మడి ముక్క ఒకటి తెచ్చుకుంటే చాలు. అమెరికాలో ఉన్నవారు హాలోవీన్‌కు చెక్కే పెద్ద కాయలను మాత్రం దీనికి వాడకూడదు. అవి వేరే జాతివి. వాటి గుజ్జు పీచుగా, నీళ్లగా, చప్పగా ఉంటుంది. బూడిద గుమ్మడి దీనికి ఏ విధంగానూ పనికిరాదు.

డబ్బా కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. గుమ్మడి ప్యూరీ (ఉత్త గుజ్జు) డబ్బా పక్కనే దాదాపు అదే రూపంలో గుమ్మడి ‘పై’ ఫిల్లింగ్ (‘పై’ లోపల నింపే మిశ్రమం) డబ్బా కూడా ఉంటుంది. రెండవదానిలో చక్కెర, మసాలా ముందే కలిపి ఉంటాయి; దానితో వాఫుల్ చేస్తే తీపి హద్దు దాటి, అచ్చుకు అంటుకుని మాడుతుంది. పదార్థాల జాబితాలో గుమ్మడి ఒక్కటే ఉన్న డబ్బా తీసుకోండి.

తాజా కాయతో చేసేవారు గుజ్జును ముందురోజే తయారు చేసుకోవడం మంచిది. కిలో బరువున్న ముక్కలో గింజలు, పీచు తీసివేసి, కోసిన వైపు కిందికి ఉండేలా ట్రేలో బోర్లించి, 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో ముప్పావు గంటనుంచి గంట వరకు, చాకు గుచ్చితే అడ్డు లేకుండా దిగేదాకా ఓవెన్‌లో కాల్చాలి. ఓవెన్ లేనివారు పెద్ద ముక్కలుగా కోసి, ఇడ్లీ పాత్రలో నీళ్లు తగలకుండా ఆవిరి మీద ఉడికించవచ్చు. నీళ్లలో వేసి ఉడికించడం, కుక్కర్‌లో నీళ్లతోపాటు పెట్టడం మాత్రం వద్దు. మనం తీసేయాలనుకుంటున్న నీటిని మనమే మరింత పట్టించినట్టు అవుతుంది. ఉడికిన కండను చెంచాతో గీకి తీసి, మెత్తగా మెదిపి, పలుచని గుడ్డలో మూటకట్టి ఒక గంట వేలాడదీస్తే పసుపురంగు నీరు చాలానే కిందికి దిగుతుంది. ఆ నీటిని పారబోయకుండా పప్పులోనో పులుసులోనో వాడుకోవచ్చు.

ఇక సుగంధ ద్రవ్యాలు. నలుగురికి సరిపడే పిండికి రెండు టీస్పూన్ల దాల్చినచెక్క పొడి, ఒక టీస్పూను శొంఠి పొడి, అర టీస్పూను అప్పుడే తురిమిన జాజికాయ, పావు టీస్పూను లవంగాల పొడి, పావు టీస్పూను ఆల్‌స్పైస్ పొడి కావాలి. ఆల్‌స్పైస్ అంటే పేరు వినగానే చాలామంది అనుకునేట్టు అన్నీ కలిపిన మసాలా కాదు. అది జమైకాలోనూ మధ్య అమెరికాలోనూ పెరిగే ఒక చెట్టు కాయను ఎండబెట్టి చేసినది, మిరియాల కంటే కొంచెం పెద్దగా ఉంటుంది. మన ఊళ్లలో అది దొరకకపోతే వదిలివేసి, ఆ లోటును జాజికాయతో పూడ్చండి, లవంగంతో పూడ్చవద్దు. తెలుగువారి ముక్కుకు లవంగం, దాల్చినచెక్క, జాజికాయ కలిసిన వాసన తగలగానే బిర్యానీ గుర్తుకు వస్తుంది. ఈ వంటను ఆ జ్ఞాపకంనుంచి వేరు చేసి తీపి వైపుకు నడిపించేవి ఎక్కువ పాళ్లలో పడే శొంఠి, దాల్చినచెక్క. లవంగం చిటికెడు పెరిగినా తూకం తప్పుతుంది. పొడులు డబ్బాలో ఏళ్ల తరబడి ఉన్నవైతే వాడవద్దు. చెక్కను, లవంగాలను పొడి మూకుడులో కాస్త వెచ్చచేసి దంచుకుంటే వచ్చే తేడా ఎవరికీ చెప్పనవసరం లేకుండానే తెలిసిపోతుంది.

ఈ పొడులను నేరుగా మైదాలో కలపమని చాలామంది చెబుతారు. నా పద్ధతి వేరు. మందపాటి మూకుడులో 85 గ్రాముల వెన్న కరిగించి, మంట బాగా తగ్గించి, పొడులన్నీ అందులో వేసి పది పదిహేను క్షణాలు మాత్రమే కలిపి, వెంటనే 245 గ్రాముల గుమ్మడి గుజ్జు వేస్తాను. కప్పు కొలతలో అది నిండు కప్పు. సుగంధ ద్రవ్యాల్లోని పరిమళంలో చాలాభాగం నూనెల్లోనే బాగా కరుగుతుంది కనుక, తాలింపులో ఇంగువ వికసించినట్టు ఇక్కడ దాల్చినచెక్క వికసిస్తుంది. ఆ తరువాత మధ్యస్థమైన మంట మీద అడుగంటకుండా ఐదారు నిమిషాలు కలుపుతూ ఉంటే గుజ్జులోని నీరు ఆవిరిగా పోయి, పరిమాణం నాలుగో వంతు తగ్గి, రంగు ముదురుతుంది. గరిటెతో మూకుడు మధ్యలో గీత గీస్తే ఆ గీత వెంటనే పూడుకోకుండా నిలవాలి. డబ్బా గుజ్జులో ఉండే పచ్చి లోహపు వాసన కూడా ఈ మెట్టులోనే పోతుంది. ఈ ఒక్క పనికి ఓపిక పడితే మిగిలినదంతా సులువు. దించి గోరువెచ్చగా చల్లారనివ్వండి. దీన్ని ముందురోజు రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు కానీ, ఉదయం వాడేముందు వెన్న మళ్లీ కరిగేంత వెచ్చచేయాలి.

పొడి పదార్థాలు ఇవి: మైదా 250 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 30 గ్రాములు, బేకింగ్ పౌడర్ రెండు టీస్పూన్లు, వంటసోడా అర టీస్పూను, ఉప్పు ముప్పావు టీస్పూను, బ్రౌన్ షుగర్ లేదా మెత్తగా తురిమిన బెల్లం 50 గ్రాములు. ఇక్కడ కార్న్‌ఫ్లోర్ అంటే తెల్లని గంజిపిండి, పసుపుపచ్చని మొక్కజొన్న పిండి కాదు. అందులో గ్లూటెన్ (మైదాకు సాగే గుణమిచ్చే మాంసకృత్తు) ఉండదు కనుక పైపొర పలుచగా, పెళుసుగా తయారవుతుంది. మైదాలో మూడో వంతు వరకు గోధుమపిండి వేసుకోవచ్చు. అంతకు మించితే బరువెక్కుతుంది. తీపి పెంచాలన్న కోరిక కలిగితే దాన్ని పైన పోసే పాకంతో తీర్చుకోవాలి తప్ప పిండిలో చక్కెర పెంచకూడదు, ఎందుకంటే చక్కెర లోపలి తేమ పోకముందే పైభాగాన్ని నల్లగా మాడుస్తుంది.

తడి పదార్థాలు మూడు గుడ్లు, 360 మిల్లీలీటర్ల బటర్‌మిల్క్. అమెరికా దుకాణాల్లో ఆ పేరుతో దొరికేది చిక్కగా, పుల్లగా ఉంటుంది; మన మజ్జిగ పలచన కనుక దానికి బదులు 240 మిల్లీలీటర్ల పుల్లటి పెరుగును 120 మిల్లీలీటర్ల పాలతో చిలికి వాడాలి. పులుపు తప్పనిసరి, వంటసోడా పొంగేది దానితోనే. గుడ్లు, పెరుగు రెండూ ముందుగానే ఫ్రిజ్‌నుంచి బయట పెట్టి చల్లదనం పోనివ్వాలి. చల్లటి పెరుగు తగిలితే గుజ్జులోని వెన్న గడ్డలు కడుతుంది.

గుడ్లలోని తెల్లసొనను వేరుచేసి, కొంచెం కూడా జిడ్డు లేని గిన్నెలో మెత్తని నురుగు శిఖరాలు నిలిచే వరకు గిలకొట్టండి. పచ్చసొనలను బటర్‌మిల్క్‌తో, గోరువెచ్చని గుమ్మడి మిశ్రమంతో బాగా కలిపి, ఆ తడి మిశ్రమాన్ని పొడి పదార్థాల్లో పోసి, పొడిపిండి కనిపించకుండా పోయేదాకా మాత్రమే కలపండి. బజ్జీల పిండిని గిలకొట్టినట్టు కొట్టకూడదు. చిన్న చిన్న ఉండలు మిగిలినా అవి కాలేటప్పుడు కలిసిపోతాయి, అతిగా కలిపితే మాత్రం గ్లూటెన్ సాగి వాఫుల్ రబ్బరులా అవుతుంది. చివరగా తెల్లసొన నురుగును రెండు విడతలుగా, గరిటెతో అడుగునుంచి పైకి మడుస్తూ కలపాలి. పిండి ఇడ్లీ పిండి అంత చిక్కగా ఉంటే సరిపోయినట్టు. మరీ గట్టిగా ఉంటే ఒకటి రెండు చెంచాల పాలు చేర్చండి. తడి, పొడి పదార్థాలను విడివిడిగా ముందురోజు సిద్ధం చేసుకోవచ్చు కానీ, రెండూ కలిపి రాత్రంతా ఉంచితే సోడా పొంగు అంతా ఉదయానికి పోతుంది.

వాఫుల్ మేకర్‌ను పది నిమిషాలు తక్కువ కాకుండా వేడెక్కనివ్వాలి. దీపం ఆరగానే సిద్ధమైందని అనుకోవద్దు. పలకల వేడి మరికొంతసేపటికి గాని నిలకడపడదు. పలకలకు నూనెను బ్రష్‌తో పలుచగా రాయండి. వెన్న రాస్తే అందులోని పాలపదార్థం మాడి అంటుకుంటుంది. డబ్బాలోంచి చిమ్మే స్ప్రే నాన్‌స్టిక్ పలకల మీద నాలుగు వాడకాలకే జిగటగా పేరుకుపోతుంది. పిండి మధ్యలో పోసి, అంచులకు ఒక వేలెడు ఖాళీ ఉండగానే మూత వేయాలి.

గుమ్మడి వాఫుల్‌కు యంత్రం చెప్పే సమయం సరిపోదు. దాని దీపం కంటే పక్కలనుంచి వచ్చే ఆవిరిని నమ్మండి. మొదట ధారగా వచ్చే ఆవిరి క్రమంగా సన్నబడి, దాదాపు ఆగిపోయినప్పుడే తెరవాలి. మామూలు వాఫుల్ నాలుగు నిమిషాల్లో అయ్యే యంత్రంలో దీనికి ఐదున్నర, ఆరు నిమిషాలు పట్టవచ్చు. తొందరపడి తెరిస్తే వాఫుల్ రెండు పొరలుగా చీలి, సగం పైపలకకు, సగం కిందిపలకకు అంటుకుంటుంది. మూత ఎత్తబోతే కొంచెం బిగువు తగిలితే, వదిలివేసి ఇంకో నిమిషం ఆగండి. రంగు తేనెరంగు దాటి ఇటుక రంగుకు దగ్గరపడాలి. గుమ్మడి వల్ల పిండి మొదటినుంచీ ఎర్రగానే ఉంటుంది కనుక లేత రంగును చూసి కాలిందని మోసపోవడం సులువు.

కాలినవాటిని పళ్లెంలో ఒకదానిమీద ఒకటి పేర్చకూడదు. వాటినుంచి వచ్చే ఆవిరే వాటిని మెత్తబరుస్తుంది. ఇంట్లో అందరూ ఒకేసారి కూర్చుని తినాలంటే ఓవెన్‌ను 95 డిగ్రీల సెల్సియస్‌లో ఉంచి, దానిలో జాలీ మీద ఒక వరుసగా పెడుతూ పోవాలి. ఆఖరి వాఫుల్ అయ్యేసరికి మొదటిది చల్లారకపోవడమే కాక, ఇంకొంచెం కరకరలాడుతుంది కూడా. వంట చేసేవారు పొయ్యి దగ్గరే నిలబడి, అందరూ లేచిపోయాక ఒంటరిగా తినే అలవాటు మన ఇళ్లల్లో బలంగా ఉంది. ఈ జాలీ పద్ధతి పాటిస్తే ఆ మనిషి కూడా అందరితోపాటు కూర్చోగలుగుతారు. నాకు ఈ వంటలో అన్నిటికంటే నచ్చినది ఇదే. ఈ కొలతలకు సాధారణ గుండ్రని యంత్రంలో ఏడెనిమిది, లోతైన గళ్ల బెల్జియన్ యంత్రంలో ఐదారు వస్తాయి.

గుడ్డు తినని పెద్దలు ఇంట్లో ఉంటే వారికోసం విడిగా సగం కొలతతో పిండి కలపవచ్చు. గుడ్లకు బదులు మూడు పెద్ద చెంచాల చిక్కటి పెరుగు, అదనంగా అర టీస్పూను బేకింగ్ పౌడర్, ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్ చేర్చి, గుజ్జును కొంచెం తగ్గించాలి. గుల్లదనం కాస్త తక్కువగా ఉంటుంది, రుచి లోటు ఉండదు. వీటిని గుడ్డు పిండి పోయకముందే, శుభ్రమైన పలకల మీద ముందుగా కాల్చి ఇవ్వడం మర్యాద.

పైన పోసుకోవడానికి అసలైన మేపుల్ సిరప్ గోరువెచ్చగా ఉంటే మేలు. ఒక లీటరు సిరప్‌కు సుమారు నలభై లీటర్ల చెట్టు రసం మరిగించాలి, దాని ధర అందుకే ఎక్కువ. చవకగా దొరికే పాన్‌కేక్ సిరప్ చాలావరకు మొక్కజొన్న చక్కెర పాకానికి రంగు, వాసన కలిపినదే. మేపుల్ దొరకనిచోట తాటిబెల్లం పాకం పలుచగా కాచి, చిటికెడు ఉప్పు వేసి పోస్తే గుమ్మడికి అంతకంటే బాగా నప్పుతుందని నా అభిప్రాయం. దోరగా వేయించిన పీకన్ పలుకులు గానీ, జీడిపప్పు గానీ చల్లుకోండి. ఏడాది నిండని పాపాయికి ముక్క పెట్టాలనుకుంటే తేనె తగలనివ్వవద్దు.

మిగిలిన వాఫుల్స్‌ను జాలీ మీద పూర్తిగా చల్లార్చి, విడివిడిగా ఫ్రీజర్‌లో గడ్డకట్టించాక ఒకే సంచిలో వేసుకుంటే నెల రోజులు నిలుస్తాయి. బడికి వెళ్లే తొందరలో ఉన్న ఉదయం వాటిని మెత్తబరచకుండా, గడ్డకట్టినవి గడ్డకట్టినట్టే టోస్టర్‌లో పెట్టండి. మైక్రోవేవ్‌లో పెడితే ఆదివారమంతా కష్టపడి తోలిన నీరు మళ్లీ పైపొరలోకి వచ్చేస్తుంది.