పాత డస్టర్ డీజిల్ కొనే ముందు
విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో పాత రెనో డస్టర్ డీజిల్ బండి కొనదలచినవారు ఉదయాన్నే, అమ్మేవారు ఇంజను స్టార్టు చేయకముందే వెళ్లి చూడాలి. బానెట్ మీద చేయి వేస్తే చల్లగా ఉండాలి. వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజను మొరాయిస్తుందని ముందే నడిపి ఉంచారేమోనని అనుమానించి, మరో రోజు వస్తామని చెప్పండి. స్టార్టయ్యాక నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజనాయిలు కాలుతున్నట్టే.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది టైమింగ్ బెల్టు, అంటే ఇంజను లోపల వాల్వులు, పిస్టన్లు ఒకదానికొకటి తగలకుండా లయలో కదిలేలా చూసే పట్టీ. ఈ 1.5 లీటర్ల ఇంజనులో ఉండేది గొలుసు కాదు, రబ్బరు బెల్టు కనుక, బండి నడుస్తుండగా అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజను విప్పవలసిన పరిస్థితి వస్తుంది. 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు రావడంతో మన దేశంలో డీజిల్ డస్టర్ అమ్మకాలు ఆగిపోయాయి. అంటే ఇప్పుడు దొరికే బండి ఏదైనా బెల్టు వయసు అడగవలసినంత పాతదే. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి, నోటిమాట నమ్మవద్దు. బిల్లు లేకపోతే బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ మార్చే ఖర్చు ధరలో తగ్గించమని అడగడం న్యాయమే.

వీలైతే సాలూరు దాటి ఘాట్ రోడ్డు ఎక్కించండి. ఇంజనులోకి అదనపు గాలి తోసి బలమిచ్చే టర్బో బలహీనంగా ఉంటే అక్కడ దాగదు. మన తీరంలో తుపాను నీటిలో మునిగిన బళ్లూ అమ్మకానికి వస్తాయి కాబట్టి సీటు బెల్టును చివరిదాకా లాగి, లోపలి మడతల్లో బురద మరకలు ఉన్నాయేమో చూడండి.