హాస్టళ్లలో ఉండే యువతను విచారణలో (పారిష్‌లో) కలుపుకోవడం ఎలా?

గుంటూరు, ఏలూరు, ఖమ్మం వైపు నుంచి ఉద్యోగాలకీ కోచింగ్‌లకీ అమీర్‌పేట, మాదాపూర్ హాస్టళ్లకు వచ్చిన క్యాథలిక్ యువత ఆదివారం దివ్యపూజకు (మాస్‌కు) వస్తారు. వెనక నిలబడి, ఆఖరి పాట మొదలవగానే వెళ్లిపోతారు. భక్తి తక్కువై కాదు. విచారణ పుస్తకాలు కుటుంబాల పేరున నడుస్తాయి, ఒంటరిగా ఉండేవాళ్లకు అందులో చోటు లేదు. అందుకే ముందు పుస్తకంతో మొదలుపెట్టండి.

1. విడి కార్డు పెట్టండి. శ్రీసభ చట్టం (క్యాథలిక్ సంఘ నియమావళి, కానన్ లా) 102, 107 ప్రకారం ఒక విచారణ పరిధిలో 3 నెలలు ఉన్నా, ఉండాలనే ఉద్దేశంతో వచ్చినా వాళ్లు ఆ విచారణవాళ్లే. కుటుంబ కార్డు తెమ్మని తిప్పిపంపకండి. పేరు, ఫోను, హాస్టల్ ఉన్న ప్రాంతం, సొంత విచారణ, జ్ఞానస్నానం పొందిన చోటు, డ్యూటీ వేళలు: ఈ 6 చాలు. చందా గడి వద్దు. రేపు పెళ్లికి కాగితాలు కావాలంటే, ఆ మనిషిని ఎప్పుడూ చూడని ఫాదర్ గారు ఏమని రాసిస్తారు? కార్డు ఉంటే ఆ ఇబ్బంది సగం తీరుతుంది.

2. గుమ్మం దగ్గర ఇద్దరిని నిలబెట్టండి, ఒకరు పాతికేళ్లవాళ్లయితే మేలు. "కొత్తగా వచ్చారా? ఎక్కడ ఉంటున్నారు?" అని అడిగితే సరిపోతుంది. "ఇంటిపేరేంటి?" అని మాత్రం అడగకండి. మన దగ్గర అది కులం అడగడమేనని వచ్చినవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది, మళ్లీ రారు. "పెళ్లయిందా?" కూడా అంతే.

3. వేళలు చూడండి. కోచింగ్ పిల్లలకు ఆదివారం పొద్దున టెస్టులు, నైట్ షిఫ్టువాళ్లకు నిద్ర. శనివారం సాయంత్రం పూజ ఆదివారానికి చెల్లుతుంది (చట్టం 1248), ఈ మాట తెలియనివాళ్లే ఎక్కువ. సాయంత్రం పూజ పెడితే హాస్టల్ గేటు మూసే వేళకు ముందే వాళ్లు తిరిగి చేరేలా చూసుకోండి.

4. కుర్చీలు మోయించడంతో ఆపకండి. యువత అనగానే పండక్కి తోరణాలు, షామియానాలు గుర్తొస్తాయి మనకు. పూజలో బైబిల్ పఠనం ఇవ్వండి, విశ్వాసుల ప్రార్థన రాయించండి. ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లు తెలుగులో తడబడతారు, "తెస్సలోనికయులకు" దగ్గర గొంతు ఆగిపోతుంది. కాబట్టి పఠనం బుధవారానికే పంపండి. పూజకు 20 నిమిషాల ముందు రప్పించి, ఖాళీ దేవాలయంలో మైకు దగ్గర ఒకసారి చదివించండి. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. బాధ్యత ఒక నెలకే ఇవ్వండి. గడువు లేని పని అంటే భయపడి ఎవరూ ఒప్పుకోరు.

5. నెలకు రెండుసార్లు, పూజ అయ్యాక టీ పెట్టి 45 నిమిషాలు కూర్చోబెట్టండి. పది పదిహేను మంది చాలు. ఫాదర్ గారు 10 నిమిషాలు మాట్లాడి తర్వాత వింటే బాగుంటుంది. గంట ప్రసంగమైతే రెండోసారి సగం మందే వస్తారు. భద్రమైన అభ్యంగనానికి (కన్ఫర్మేషన్‌కు) సిద్ధమయ్యే పిల్లల్నీ ఉద్యోగస్తుల్నీ ఒకే గుంపు చేయకండి. ఇద్దరికీ విసుగే. ఇంటర్ పిల్లలు 18 నిండనివాళ్లు, వాళ్ల తల్లిదండ్రులకు ముందుగా ఫోను చేసి చెప్పాలి.

6. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ వారంలోనే ఒక్క ఫోను చేయండి. అడగకుండా వాట్సాప్ గ్రూపులో చేర్చేస్తే మ్యూట్ చేసి మర్చిపోతారు. రెండు ఆదివారాలు కనబడకపోతే "ఎందుకు రాలేదు?" అనకుండా "ఒంట్లో బాగుందా?" అని అడగండి. హాస్టల్లో జ్వరమొచ్చినవాడికి గంజి తీసుకెళ్లి ఇచ్చే ఇల్లు ఒకటి విచారణలో ఉంటే, పది సమావేశాలు చేయలేని పని అది చేస్తుంది.

7. క్రీస్తురాజు పండుగ నాడు మేత్రాసనాల్లో (బిషప్ గారి పరిధిలోని డయోసిస్‌లలో) ప్రపంచ యువజన దినం జరుపుతారు. విచారణ సలహా సంఘంలో ఈ యువతకు ఒక స్థానం ప్రకటించడానికి అది మంచి రోజు.

ఎవరైనా బెంగళూరో పుణెయో మారిపోతుంటే కార్డు చింపేయకండి. అక్కడి దగ్గరి విచారణ ఏదో కనుక్కుని, ఫాదర్ గారి చేత నాలుగు వాక్యాల ఉత్తరం రాయించి చేతికివ్వండి.