బాపు తుపాకి కొడుకు పేరు మీదికి: దరఖాస్తు ఎక్కడ ఆగుతుందంటే

మొన్న హనుమకొండలో ఒకాయన కలిశాడు. ఊరు పాకాల వైపు. తండ్రి పోయి ఏడాది దాటింది. తండ్రి పేరు మీదున్న సింగిల్ బ్యారెల్ తుపాకిని తన పేరు మీదికి తెచ్చుకోవాలని తిరుగుతున్నాడు. పక్కన పదమూడేళ్ల కొడుకు. "చిన్నప్పుడు బాపు నన్ను అడవికి తోలుకపోయేటోడన్నా. వీనికి కూడా ఒక్కసారి దుప్పి వేట చూపెట్టాలె" అన్నాడు. పంట రక్షణ లైసెన్సు తీసుకుంటే వేటకు కూడా పనికొస్తుందని చెప్పి ఒక మధ్యవర్తి అప్పటికే ఇరవై వేలు పట్టుకుపోయాడట.

అసలు దుప్పి వేటకు దరఖాస్తు ఫారమే లేదు. కణితికి లేదు, కొండగొర్రెకు లేదు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక కూడా కొన్ని జంతువులకు వేట లైసెన్సు ఉండేది, 1991 సవరణతో అదీ పోయింది. పాకాల, ఏటూరునాగారం లాంటి అభయారణ్యంలో వేటాడి దొరికితే తక్కువలో తక్కువ 3 ఏళ్ల జైలు, 25 వేల జరిమానా. పంట రక్షణ లైసెన్సు దరఖాస్తులోనే, వన్యప్రాణి చట్టం కింద ఏ జంతువును చంపడానికి మీకు అనుమతి ఉందో రాయమని అడుగుతారు. ఆ అనుమతి కాగితం లేకుండా డబ్బులు తీసుకున్నవాడు మీకు ఏం ఇప్పిస్తాడో ఆలోచించండి.

తుపాకి మాత్రం వారసుడికి రావచ్చు. 2016 ఆయుధ నియమాల్లో దానికి దారి ఉంది. ఆన్‌లైన్ పోర్టల్‌లో ఏ-1 ఫారం నింపాలి. ఫోటోలు, ఆధార్, డాక్టర్ సర్టిఫికెట్, ఆయుధ భద్రత శిక్షణ సర్టిఫికెట్, మరణ ధ్రువపత్రం, తండ్రి లైసెన్సు పుస్తకం, మీసేవలో తీసుకునే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ జతచేయాలి. కమిషనరేట్ పరిధిలో ఉంటే కమిషనర్ ఆఫీసుకు, మిగతా చోట్ల కలెక్టరేట్‌కు వెళ్తుంది. తర్వాత పోలీసు విచారణ. ఇక్కడివరకు ఎవరైనా చేసుకోగలరు.

ఆగేది తుపాకి అప్పగించినట్టు ఇచ్చే డిపాజిట్ రసీదు దగ్గర. లైసెన్సు మనిషితోనే పోతుంది. ఆ తర్వాత తుపాకి ఇంట్లో గోడకు వేలాడినా, బీరువాలో తాళం వేసి ఉన్నా అది లైసెన్సు లేని ఆయుధమే. అనవసర ఆలస్యం లేకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సు ఉన్న ఆయుధ డీలరు దగ్గరో అప్పగించాలని చట్టం చెబుతుంది. మనవాళ్లు పన్నెండో రోజు అయ్యాక చూద్దాం అనుకుంటారు, తర్వాత సంవత్సరీకం అంటారు. ఆ తర్వాత "ఇప్పుడు పోతే కేసు పెడతరేమో" అన్న టెన్షన్‌తో అసలు వెళ్లరు. మధ్యవర్తులు బతికేది ఆ భయం మీదే.

ఆలస్యమైనా వెళ్లండి. ఆలస్యానికి కారణం రాసుకొని మీ అంతట మీరే వెళ్లడం వేరు, ఎవరో చెబితే పోలీసులు మీ ఇంటికి రావడం వేరు. తుపాకిని బండి మీద పెట్టుకొని బయలుదేరొద్దు. ముందు స్టేషన్‌లో చెప్పి, వాళ్లు ఎలా తెమ్మంటే అలా తీసుకెళ్లండి. మిగిలిన తూటాలు కూడా ఇచ్చేయాలి, ఒక్కటి కూడా గుర్తుగా దాచుకోవద్దు. రసీదులో తేదీ, తుపాకి నంబరు, తూటాల లెక్క, ముద్ర ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. లైసెన్సు పుస్తకంలోని నంబరుతో ఒక్క అంకె తేడా ఉన్నా అప్పుడే దిద్దించుకోండి.

రెండో చిక్కు మిగతా వారసుల సమ్మతి. "చెల్లె పెండ్లయి పోయింది గద, ఆమె సంతకం ఎందుకు" అంటారు. కావాలి. అమ్మ, అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు, అందరూ అభ్యంతరం లేదని నోటరీ అఫిడవిట్ ఇవ్వాలి. భూమి తగాదా ఉన్న ఇంట్లో ఇది నెలలు పడుతుంది, ముందే మాట్లాడుకోండి. తండ్రి బతికే ఉండి 70 ఏళ్లు నిండినా, తుపాకి ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, ఆయనే వారసుణ్ని నామినేట్ చేయొచ్చు. అందరికంటే తేలిక దారి ఇదే, కానీ బతికున్న తండ్రితో ఈ మాట ఎత్తేవాళ్లు తక్కువ.

ఎందుకు కావాలి అన్న గడిలో వేట అని రాయకండి. ఉన్న కారణమే రాయండి. లైసెన్సు వచ్చినా కొడుకు చేతికి ఇవ్వకూడదు, 21 ఏళ్లు నిండాలి. 12 దాటిన పిల్లలకు ఉన్న దారి జూనియర్ టార్గెట్ షూటర్‌గా శిక్షణ. కాల్చేది కాగితం మీది గురిని.

తిరస్కరిస్తే కారణం రాతలో అడగండి, 30 రోజుల్లో అప్పీలు వేసుకోవచ్చు.

ఇదంతా విన్నాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ముందుగాల స్టేషన్‌కే పోత" అన్నాడు చివరికి. పిల్లవాడు మాత్రం, "మరి దుప్పిని చూసుడన్నా ఉన్నదా బాపూ?" అని అడిగాడు. పాకాలలోనే ఉంటున్నారు కదా, దానికి ఏ లైసెన్సూ అక్కర్లేదన్నాను.