ఇంటర్వ్యూ టెన్షన్ తగ్గించుకోవడం ఎలా? శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్లేవాళ్ల కోసం

ఇంటర్వ్యూ అనగానే ఏం అడుగుతారో అని భయపడతాం. నా మొదటి ఇంటర్వ్యూ టెన్షన్‌లో సగం మాత్రం మా బీరువా పుణ్యమే. ముందు రోజు రాత్రి పదకొండు గంటలకు చూస్తే ప్రొవిజినల్ సర్టిఫికెట్ లేదు. బీరువా అంతా మంచం మీద పరిచేశాను. అమ్మ లేచి వచ్చి "ఏటిరా ఎతుకుతున్నావు?" అంది. చివరికి ఇంటి పన్ను రసీదులున్న ప్లాస్టిక్ కవర్లో దొరికింది. ఆ రాత్రి ఇక నిద్ర పట్టలేదు.

అందుకే మొదటి పని కాగితాలు. కబురు వచ్చిన రోజే ఒరిజినల్స్, జిరాక్స్‌లు, ఫొటోలు, ఆధార్ అన్నీ ఒకే ఫైల్లో పెట్టేయండి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో అక్షరం అక్షరం చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉండటం మన దగ్గర మామూలే. తేడా ఉంటే అడిగినప్పుడు ఏం చెప్పాలో ముందే అనుకోండి. వేసుకునే చొక్కా కూడా ఆ రోజే ఉతికించి ఇస్త్రీ చేయించండి.

తర్వాత ప్రయాణం. శ్రీకాకుళం నుంచి విశాఖ సుమారు 110 కిలోమీటర్లు. హైవే మీద బస్సు బాగానే పరుగెడుతుంది, ఆనందపురం దాటి ఊళ్లోకి వచ్చాకే టైం కరిగిపోతుంది. ఆఫీసు ఐటీ హిల్స్ వైపయితే ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండు దాకా వెళ్లి వెనక్కి రావద్దు, మధురవాడలోనే దిగిపోండి. రైల్లో వెళ్లేవాళ్లకు ఒక మాట: శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. ఊళ్లోంచి అక్కడికి చేరే టైం కూడా లెక్కలో వేసుకోవాలి. ఇంటర్వ్యూ పదింటికైతే తొమ్మిదింటికల్లా ఆ వీధిలో ఉండేలా బయల్దేరండి. వీలుంటే ముందు రోజే వెళ్లి చుట్టాలింట్లో పడుకోవడం మేలు. అయితే రాత్రంతా సలహాలిచ్చే మావయ్య ఇల్లు కాకుండా చూసుకోండి.

ఇక జవాబులు. వంద ప్రశ్నలు బట్టీ పట్టకండి, మధ్యలో ఒక్క వాక్యం మరిచిపోతే మిగతాదంతా కూలుతుంది. "మీ గురించి చెప్పండి" అన్నదానికి ఒకటిన్నర నిమిషం, చదువులోనో పనిలోనో మీరు చేసిన రెండు మూడు పనులు, ఇంతే సిద్ధం చేసుకోండి. మనసులో అనుకుంటే చాలదు, నోటితో పైకి అనాలి. సాయంత్రం నాగావళి ఒడ్డున నడుస్తూ అనుకోండి. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే ఎవరితోనో మాట్లాడుతున్నారనుకుంటారు, ఎవరూ వింతగా చూడరు.

మన జిల్లాల వాళ్లకు ఇంకో భయం కూడా ఉంటుంది, యాస. "ఏటి", "వచ్చీసాను", "సెప్పీసాను" నోరు జారితే నవ్వుతారేమోనని ప్రతి మాటకూ లోపల కాపలా కాస్తుంటాం. ఆ కాపలాతోనే బుర్ర అలసిపోతుంది, ఇక జవాబు గురించి ఆలోచించేదెప్పుడు? నా మటుకు నేను యాస దాచుకోవడం మానేశాక బాగా మాట్లాడాను. ఎదుటివాళ్లకు అర్థం కావాలంటే వేగం కాస్త తగ్గిస్తే చాలు. ఇంగ్లీషుకూ ఇదే పద్ధతి. చిన్న వాక్యాలు చెప్పండి, తెలియని ప్రశ్నకు "ఐ డోంట్ నో సర్" అని ధైర్యంగా అనండి.

ఇంటర్వ్యూ తేదీ ఊరందరికీ చెప్పకండి. "ఉద్యోగం వచ్చీసిందా?" అని అడిగేవాళ్లు ఎంత తగ్గితే అంత తేలిక.

ముందు రోజు సాయంత్రం నుంచి టీ, కాఫీ ఆపేయండి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. పొద్దున్న రోజూ తినేదే తినండి, ఇడ్లీ అయినా చద్దన్నమైనా. కొత్తవేవీ ఆ రోజు ప్రయోగం చేయొద్దు.

బయట కుర్చీలో కూర్చున్నాక అరచేతులు చెమట పడతాయి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. వదిలేది పొడవుగా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. ఐదు నిమిషాలు చేస్తే తేడా తెలుస్తుంది. అప్పటికీ దడ తగ్గకపోతే దాంతో కుస్తీ పట్టకండి. అలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ప్రసంగానికి ముందు "ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్ల కంటే "హుషారుగా ఉన్నాను" అనుకున్నవాళ్లే బాగా మాట్లాడారు. తిరనాళ్లలో జెయింట్ వీల్ ఎక్కే ముందు కొట్టుకునే గుండె కూడా ఇలాగే కొట్టుకుంటుంది కదా.

అయిపోయాక అక్కడే నిలబడి ఎవరెవరు ఏం చెప్పారో ఆరా తీయకండి. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఏమడిగారో, ఎక్కడ తడబడ్డారో ఫోన్లో రాసుకోండి. తగరపువలస దాటేలోపు అది ముగించేసి, సీటు వెనక్కి వాల్చి పడుకోండి.