ఎల్లోనైఫ్‌కు వచ్చే కొత్త పైలట్లు జీతం కన్నా ముందు అడగాల్సింది

హన్మకొండ నుంచో కరీంనగర్ నుంచో కెనడా ఉత్తరాన ఎల్లోనైఫ్ లాంటి ఊరికి చిన్న విమానాలు నడపడానికి వచ్చే తమ్ముళ్లు మొదట జీతమే అడుగుతారు. లైసెన్సు, వీసా, చలికోట్ల సంగతి ఎట్లాగూ చూసుకుంటారు. ఏడాదిలో పెళ్లాం పిల్లల దగ్గర ఎన్ని రోజులుంటామన్నది మాత్రం చేరినంక గానీ లెక్కేయరు. అప్పటికి సంతకం అయిపోయి ఉంటుంది.

డ్యూటీ ఎక్కువగా రెండు రకాలు. ఊళ్లోనే కాపురం పెట్టి పిలిచినప్పుడల్లా వెళ్లడం ఒకటి. పద్నాలుగు రోజులు పని, పద్నాలుగు రోజులు సెలవు అనే రొటేషన్ ఇంకోటి. రొటేషన్ అనగానే సగం ఏడాది ఇంట్లోనే అని సంబరపడకు. కుటుంబం దక్షిణాన ఉన్న పెద్ద నగరం ఎడ్మంటన్‌లో ఉందనుకో. అక్కణ్నుంచి వచ్చే రోజు, తిరిగి పోయే రోజు ఎవరి లెక్కలో పడతాయి? నీ సెలవులోంచి పోతే పద్నాలుగు కాస్తా పన్నెండు. ఏడాదికి పదమూడు రొటేషన్లు, అంటే 26 రోజులు గల్లంతు. టికెట్ ఎవరు కొంటారు? మంచుకు విమానం రద్దై నువ్వు అక్కడే ఇరుక్కుంటే ఆ రోజుకు పైసలిస్తారా, బదులు సెలవిస్తారా? నీ స్థానంలో రావాల్సినోడు రాకపోతే? ఇవన్నీ కాగితం మీద ఉండాలి. "చూసుకుందాంలే" అన్న చీఫ్ పైలట్ రేపు మారితే ఆ మాట కూడా ఆయనతోనే పోతుంది. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకు.

ఇక జీతం. చాలా చోట్ల బేసిక్ కొంత, ఎగిరిన మైళ్లకు కొంత. డిసెంబరులో ఎల్లోనైఫ్‌లో పగలు ఐదు గంటలే, వెలుతురులోనే తిరిగే విమానాలకు మైళ్లు పడిపోతాయి. అందుకే ట్రైనింగ్‌కు తెచ్చిన అప్పు కిస్తీ బేసిక్‌లోంచే వెళ్లేలా చూసుకో. ఎంత కష్టపడ్డా 28 రోజుల్లో 112 గంటలు, ఏడాదిలో 1000 గంటలు దాటి ఎగరనివ్వరు. పైగా మొదటి కొన్ని నెలలు ర్యాంపు (విమానాలు నిలిపే చోటు) మీద 205 లీటర్ల ఇంధనం డ్రమ్ములు దొర్లించే పనే ఉండొచ్చు. అది ఎన్ని నెలలో అడుగు. ట్రైనింగ్ బాండ్, అంటే ముందే మానేస్తే ట్రైనింగ్ ఖర్చు తిరిగి కట్టాలన్న ఒప్పందం ఉంటే, ఆ మొత్తం నెలనెలా తగ్గేదై ఉండాలి.

ఉత్తరాన ఉన్నవాళ్లకు పన్ను వేసే ఆదాయంలోంచి రోజుకు 22 డాలర్ల దాకా మినహాయింపు ఉంది. అయితే వరుసగా ఆరు నెలలైనా అక్కడ కాపురం ఉండాలి. ఇల్లు ఎడ్మంటన్‌లో పెట్టుకుని కంపెనీ గదిలో రెండేసి వారాలు పడుకుని పోయేవాళ్లకు రాదు. ఆఫర్లు పోల్చేటప్పుడు ఇది మర్చిపోతారు.

నీళ్ల మీద దిగే విమానమైతే పండుగల లెక్క వేరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సెలవడగడమే దండగ, శ్రావణంలో పెళ్లిళ్లకు రాలేనని ఇంట్లో ఇప్పుడే చెప్పు. అక్టోబరులో సరస్సులు గడ్డకట్టడం మొదలై ఫ్లోట్లు (నీళ్ల మీద తేలేందుకు చక్రాల బదులు బిగించేవి) తీసేశాక తీరిక. దసరా అక్టోబరు రెండో సగంలో పడ్డ ఏడు బతుకమ్మకు ఇంట్లో ఉండొచ్చు, 2025లో లాగా అక్టోబరు 2న పడితే కష్టం. మేలో మంచు కరిగేటప్పుడు ఫ్లోట్లకూ, మంచు మీద దిగేందుకు బిగించే స్కీలకూ పని ఉండదు, మన బడులకు అవే ఎండాకాలం సెలవులు. టికెట్ అప్పటికి కొను.

అమ్మానాన్నల విషయంలో ఒక్కటి: ఎల్లోనైఫ్‌లో బయల్దేరి శంషాబాద్‌లో దిగి వరంగల్ చేరేసరికి దాదాపు రెండు రోజులు. ఆస్పత్రిలో సంతకం పెట్టే మనిషినీ, వాళ్ల ఇన్సూరెన్సు కాగితాలనూ ఇక్కడికి రాకముందే సిద్ధం చేసి రా.

ఇన్ని అడిగితే ఆఫర్ పోతుందేమోనని భయపడతావు. పోదు. రొటేషన్ రోజుల గురించి మెయిల్ పెడితే మెయిల్లోనే జవాబిస్తారు, అది దాచుకో. ఒకటి రెండేళ్లు ఇక్కడ ఎగిరిన గంటలు కూడబెట్టుకుని కెనడా దక్షిణ భాగానికి, పెద్ద కంపెనీలకు వెళ్లి కుటుంబంతో స్థిరపడ్డవాళ్లు ఉన్నారు. నీకూ కుదురుతుంది.