మాల లేకపోయినా జపం

బస్సులోనో, బ్యాంకు వరుసలోనో మనసు చికాకుగా ఉన్నప్పుడు ఫోను తీయకుండా కుడిచేతి బొటనవేలికి పని చెప్పండి. వేళ్ల కణుపులను బొటనవేలితో తాకుతూ జపం లెక్కపెట్టే ఈ పద్ధతిని కరమాల అంటారు. ఉంగరపు వేలి నడిమి కణుపు దగ్గర మొదలుపెట్టి దాని అడుగు కణుపుకు దిగండి. తర్వాత చిటికెన వేలి అడుగు, నడిమి, పై కణుపులు. అక్కడి నుంచి ఉంగరపు వేలు, మధ్యవేలు, చూపుడువేలు పై కణుపుల మీదుగా వచ్చి చూపుడువేలి నడిమి, అడుగు కణుపులతో ముగించండి. మొత్తం 10. మధ్యవేలిలో మిగిలిన రెండు కణుపులు మేరువు, అంటే మాలలో దాటకూడని పూస లాంటివి, వాటిని తాకరు.

మీకిష్టమైన నామాన్ని కణుపుకొక్కసారి, ఊపిరి నెమ్మదిగా వదులుతూ అనుకోండి. లెక్క తప్పుతుంది, తప్పనివ్వండి, మళ్లీ మొదలుపెట్టడమే. 108 పూర్తిచేయాలన్న పట్టుదల ఇంట్లో మాలకు వదిలేయండి. దేవుడంటే నమ్మకం లేనివారు ఊపిరినే లెక్కపెట్టుకోవచ్చు.